స్మాగ్ ఫెయిలైన కారు దానం చేస్తే పన్ను ఎంత మిగులుతుంది?

ప్రశ్న: నమస్తే సర్. మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 2,60,000 డాలర్ల దాకా వస్తుంది. నా 2007 క్యామ్రీ ఈసారి స్మాగ్ టెస్ట్‌లో, అంటే పొగ కాలుష్య పరీక్షలో, ఫెయిలైంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది, పీ0420 కోడ్ అన్నారు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలి, 2,300 డాలర్లు అవుతుందని మెకానిక్ చెప్పాడు. ఇంకో కారు ఉంది కాబట్టి దీనికి అంత పెట్టాలని లేదు. కారు డొనేట్ చేస్తే ట్యాక్స్ డిడక్షన్, అంటే పన్ను పడే ఆదాయంలో తగ్గింపు, వస్తుందని యాడ్స్ వింటుంటాం కదా, పాత కార్ల ధరలు చెప్పే బ్లూ బుక్‌లో చూస్తే 3,000 చూపిస్తోంది, అంటే ఫెడరల్, స్టేట్ కలిపి ఓ వెయ్యి డాలర్ల పన్ను తగ్గుతుందని నా లెక్క. మా నాన్నగారు కూడా "దాన్ని అమ్ముకుని ఏం బాగుపడతావురా, ఎవరికైనా దానం చేసెయ్, పుణ్యమైనా వస్తుంది" అంటున్నారు. చేసేయమంటారా?

జవాబు: దానం చేయండి, కానీ కారును కాదు, డబ్బును. కారును కాలిఫోర్నియా ప్రభుత్వానికే అప్పగించేయండి, ఫెయిలైన కారుకు 1,350 డాలర్లు ఇస్తారు. ఆ డబ్బు మీ నాన్నగారు చెప్పినట్టు ఎవరికివ్వాలనుకుంటే వాళ్లకివ్వండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మీరు వేసుకున్న వెయ్యి డాలర్ల లెక్కలో మీ చేతికి వచ్చేది సున్నా.

ముందు ఆ 3,000 సంగతి. ఒకప్పుడు జనం నిజంగానే అలా చేసేవాళ్లు, బ్లూ బుక్ తెరిచి అందులో ఉన్న ధర రిటర్న్‌లో రాసేసుకునేవాళ్లు, అవతల చారిటీ ఆ కారును వేలంలో మూడొందలకో నాలుగొందలకో వదిలించుకునేది. ఇది మరీ ఎక్కువైపోయిందని 2004లో చట్టం మార్చారు. 2005 నుంచి 500 డాలర్లకు మించి క్లెయిమ్ చేయాలంటే, చారిటీ ఆ కారును ఎంతకు అమ్మిందో అంతవరకే డిడక్షన్, అదీ అమ్మిన 30 రోజుల్లో వాళ్లు పంపే 1098-సి ఫారం చేతిలో ఉంటేనే. చారిటీ ఆ కారును తన పనులకే వాడుకున్నా, పెద్ద రిపేరు చేయించి విలువ పెంచినా, లేక పేద కుటుంబానికి బాగా తక్కువకు ఇచ్చినా అప్పుడు మార్కెట్ విలువ రాసుకోవచ్చు, కానీ స్మాగ్ ఫెయిలైన పంతొమ్మిదేళ్ల కారుతో ఎవరూ ఆ తంటాలు పడరు, నేరుగా వేలానికో స్క్రాప్ యార్డుకో పోతుంది. పైగా మీరు చూసిన 3,000 స్మాగ్ పాసైన కారు ధర. మీది ఐదొందల లోపే అమ్ముడుపోయిందనుకోండి, అప్పుడు 500 గానీ, ఉన్న స్థితిలో కారు అసలు విలువ గానీ, ఏది తక్కువైతే అది రాసుకోవచ్చు.

సరే, 500 అనుకుందాం. అది కూడా మీకు ఉపయోగపడదు, ఎందుకంటే కారు దానం డిడక్షన్ ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే డిడక్షన్లను ఒక్కొక్కటిగా విడిగా రాసుకునేవాళ్లకే. 2026కి దంపతులు కలిసి ఫైల్ చేస్తే ఏమీ విడిగా రాయకుండానే వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 32,200 డాలర్లు, విడి డిడక్షన్లు అది దాటితేనే ఐటమైజ్ చేయడంలో లాభం. మీది అద్దె ఇల్లు, మార్ట్‌గేజ్ వడ్డీ లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ లేదు, స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఒక్కదానితో 32,200 దాటడం మీ జీతాలకు జరిగే పని కాదు. కాలిఫోర్నియా రిటర్న్‌లో విడిగా ఐటమైజ్ చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు, చేసుకోవచ్చు, కానీ అక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్‌నే లెక్కలోకి రానివ్వరు కాబట్టి అద్దెకుండేవాళ్ల దగ్గర ఐటమైజ్ చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మీకు ఈ సలహా ఇచ్చింది ఇల్లు కొనుక్కున్న స్నేహితుడెవరైనా అయితే, ఆయనకు కూడా చెప్పండి, 2026 నుంచి ఐటమైజ్ చేసేవాళ్లకు కూడా ఒక మెలిక వచ్చింది. ఏజీఐలో, అంటే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో, అర శాతం దాటిన దానాలకే ఫెడరల్ డిడక్షన్. 2,60,000 ఆదాయానికి అర శాతమంటే 1,300. ఏడాది మొత్తంలో ఆయన చేసిన దానం ఆ పాత కారు ఒక్కటే అయితే, ఐదొందలూ ఆ 1,300 లోపలే ఆగిపోతాయి, ఫెడరల్ వైపు పైసా రాదు. యాడ్‌లో ఇవేవీ చెప్పరు, వాళ్ల పని కారు రప్పించుకోవడం.

ఇప్పుడు ఆ 1,350 ఎక్కడినుంచి వస్తాయో చూద్దాం. స్మాగ్ టెస్ట్ వ్యవస్థను నడిపే బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ దగ్గరే కన్స్యూమర్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. ఫెయిలైన కారును రోడ్డు మీద నుంచి శాశ్వతంగా తీసేయడానికి ఇస్తే 1,350 డాలర్లు, కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 225 శాతం లోపు ఉంటే 2,000. ఆ ఆదాయం లోపు ఉన్నవాళ్లకే రిపేరు సాయం కూడా ఉంది, 1996, ఆ తర్వాతి మోడల్స్‌కి 1,450 దాకా. మీ ఆదాయానికి రిపేరు సాయం రాదు, కానీ కారు అప్పగించే దారికి ఆదాయం అడ్డు కాదు, 1,350 వస్తుంది. ఇవి నేనిది రాస్తున్నప్పటి మొత్తాలు, నిధులను బట్టి మారుతుంటాయి, కాబట్టి అప్లికేషన్ పెట్టే ముందు బ్యూరో సైట్‌లో ఒకసారి చూసుకోండి.

బే ఏరియాలో ఇరవై ఏళ్లున్న మనవాళ్లలో కూడా దీని గురించి తెలిసినవాళ్లు తక్కువే, స్మాగ్ ఫెయిలైతే ఇచ్చే రిపోర్ట్‌తో పాటు వచ్చే కాగితాల్లో ఉంటుంది, మనం చదవం.

ఆ 1,350 చేతికొచ్చాక ఏం చేస్తారన్నదే ఇందులో అసలు తమాషా. 2026 నుంచే ఇంకో మార్పు వచ్చింది, ఐటమైజ్ చేయనివాళ్లు కూడా నగదు రూపంలో ఇచ్చిన దానాలకు డిడక్షన్ తీసుకోవచ్చు, ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000, దంపతులకు 2,000 దాకా. నగదు అంటే చెక్కు, కార్డు కూడా నగదే, కారు మాత్రం కాదు, బట్టలూ కుర్చీలూ కాదు, తర్వాత దానాలకు పంచడానికి డబ్బు దాచే డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో వేసినా లెక్కకు రాదు. ఆ అర శాతం మెలిక కూడా దీనికి లేదు. మీరు 24 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి 1,350 మొత్తం ఇచ్చేస్తే పన్ను 324 డాలర్లు తగ్గుతుంది. ఇటు చూస్తే చారిటీకి 1,350 పూర్తిగా ముట్టింది, మీకు 324 మిగిలింది. అటు కారే ఇచ్చి ఉంటే, వేలంలో వచ్చిన మూడు నాలుగొందల్లోంచి టోయింగ్ ఖర్చు, వేలం ఫీజు, మధ్యలో ఈ వ్యాపారం నడిపే కంపెనీ వాటా పోగా మిగిలింది చారిటీకి, మీకు సున్నా. మీ నాన్నగారు చెప్పిన పుణ్యం లెక్కలో చూసినా నగదే ఎక్కువ.

రిపేరు మాటేంటి అంటారా? మెకానిక్ చెప్పింది 2,300. కానీ రిపేరు చేయించి పాసయ్యారనుకోండి, ఇక అది ఫెయిలైన కారు కాదు, ఆ 1,350 రాదు. అంటే నిజానికి మీరు పెడుతున్నది 3,650, ఆ తర్వాత మీ చేతిలో ఉండేది 3,000 చేసే కారు. ఇలా పోయే 1,350ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో అదొక్కటే కారయ్యుంటే నా జవాబు వేరేగా ఉండేది, ఎందుకంటే దాని బదులు పాతిక వేలు పెట్టి కొత్త లోన్ ఎత్తుకునేకంటే 2,300 ఎంతో నయం, అప్పుడైనా రెండో మెకానిక్‌ని అడగమనేవాణ్ని, పీ0420 వచ్చిన ప్రతిసారీ కన్వర్టరే పోయిందని కాదు, ఆక్సిజన్ సెన్సర్ కావచ్చు, ఎగ్జాస్ట్‌లో లీకు కావచ్చు. ఆన్‌లైన్‌లో రెండొందలకు దొరికే కన్వర్టర్లు చూసి మెకానిక్ దోచుకుంటున్నాడని కూడా అనుకోకండి, అవి వేరే రాష్ట్రాలకు తయారుచేసినవి, కాలిఫోర్నియాలో ఇక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించినవే వేయాలి, వాటి ధరే అంత.

మీరు అడగలేదు కానీ ఒకటి చెప్పి తీరాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో చూస్తుంటాను, "2008 సివిక్, రన్నింగ్ కండిషన్, యాజ్ ఈజ్, స్మాగ్ బయ్యర్ చూసుకోవాలి, 1,500, ఎమ్మెస్ స్టూడెంట్స్‌కి బెస్ట్" అని. ఆ పని మాత్రం చేయకండి. కాలిఫోర్నియాలో ప్రైవేటుగా అమ్మేటప్పుడు స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే, యాజ్ ఈజ్, అంటే ఉన్నదున్నట్టుగా, అని రాసుకున్నంత మాత్రాన ఆ బాధ్యత కొనేవాడి నెత్తిన పడదు. నేను అమెరికా వచ్చిన కొత్తలో ఒక సీనియర్ దగ్గర ఇలాంటి కారే కొన్నాను, చేతిలో ఉన్నదంతా ఊడ్చి 1,800 ఇచ్చాను, రిజిస్ట్రేషన్ నా పేరు మీదికి మార్చుకోడానికి పోతే స్మాగ్ కావాలన్నారు, చేయిస్తే ఫెయిల్, సీనియర్ అప్పటికే చికాగో వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. నాలుగు నెలలు బస్సులో తిరిగాను. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తాడు, నేనూ నవ్వుతాను, ఏం చేస్తాం.

ఇక చేయాల్సిన పనులు. ముందు బ్యూరోకి అప్లికేషన్ పెట్టండి, వాళ్ల ఆమోదం లెటర్ వచ్చేదాకా కారును ఎవరికీ ఇవ్వకండి. ముందే స్క్రాప్ యార్డుకు ఇచ్చేసి తర్వాత డబ్బడిగితే రాదు. కారు గత రెండేళ్లుగా కాలిఫోర్నియాలో రిజిస్టరై ఉండాలి, లెటర్ వచ్చాక వాళ్లు చెప్పిన డిస్మాంట్లర్ (పాత కార్లు విడదీసే యార్డు) దగ్గరికి తనంతట తాను నడిచి వెళ్లాలి, టో చేసుకుని పోతే ఒప్పుకోరు, కాబట్టి ఎలాగూ వదిలేసేదే కదా అని నెలల తరబడి పక్కన పడేసి బ్యాటరీ చచ్చిపోనివ్వకండి. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడితే స్మాగ్ పాస్ కాకపోయినా డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ శాఖ) ఫీజు మాత్రం టైముకు కట్టేయండి, లేకపోతే పెనాల్టీ మీద పెనాల్టీ. కారు ఇచ్చిన రోజే డీఎంవీ సైట్‌లో కారు ఇక మీది కాదని తెలిపే రిలీజ్ ఆఫ్ లయబిలిటీ ఫైల్ చేయండి, గడువు ఐదు రోజులే, టోల్ కట్టే ఫాస్ట్‌ట్రాక్ పరికరం తీసి ఇంట్లో పెట్టుకోండి, ఖాతాలోంచి ఆ ప్లేట్ నంబరు తీసేయండి, ఇన్సూరెన్స్ ఆ తర్వాతే ఆపండి. వచ్చిన 1,350 మీద పన్ను గురించి టెన్షన్ పడకండి, కొన్న ధరకంటే తక్కువకు పోతున్న సొంత కారులో లాభం లేదు కాబట్టి దానిమీద పన్నూ లేదు.

ఏదో కారణంతో బ్యూరో కాదందనుకోండి, రెండేళ్ల రిజిస్ట్రేషన్ మధ్యలో తెగిందనో ఇంకేదో, అప్పుడు చారిటీకి ఇవ్వడంలో తప్పులేదు, పన్ను ఆశ పెట్టుకోకుండా ఇవ్వండి. వాళ్లు డీలర్లకో డిస్మాంట్లర్లకో అమ్ముకుంటారు కాబట్టి మీరు స్మాగ్ చేయించి ఇవ్వాల్సిన పనిలేదు. కాకపోతే యాడ్‌లోని నంబరుకు నేరుగా ఫోన్ చేయకుండా, ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో ఆ సంస్థ పేరు ఉందో లేదో వెతకండి, కాలిఫోర్నియా అటార్నీ జనరల్ రిజిస్ట్రీలోనూ చూడండి, కారు అమ్మిన డబ్బులో ఎంత వాటా నిజంగా సంస్థకు చేరుతుందో మొహమాటపడకుండా అడగండి. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టేటప్పుడు కొనేవాళ్ల పేరున్న చోట చారిటీ పేరు రాయండి, ఖాళీగా వదలకండి.

ఇది చదివే టెక్సాస్ వాళ్లు తొందరపడకండి, ఈ 1,350 కాలిఫోర్నియా సొమ్ము. మీ దగ్గర 2025 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) టెస్ట్ అలాగే ఉంది. మిగతా ఫెడరల్ పన్ను లెక్కంతా మీకూ ఇదే.

చివరిగా, ఆ 1,350 మీ నాన్నగారి పేరు మీద ఊళ్లో బడికో గుడికో పంపాలని మీకు అనిపించవచ్చు, చాలామందికి అనిపిస్తుంది. నేరుగా ఇండియాకు పంపితే ఆ 324 మర్చిపోవాలి, ఇండియాలోని సంస్థకు ఇచ్చింది ఇక్కడ డిడక్షన్ కాదు. అమెరికాలో 501 సి 3 (పన్ను చట్టం ప్రకారం చారిటీ) గుర్తింపు ఉండి అక్కడి బడుల కోసం పనిచేసే సంస్థ ద్వారా ఇస్తే అవుతుంది, ఇక్కడి గుడులు కూడా చాలావాటికి ఆ గుర్తింపు ఉంది. ఎవరికిచ్చినా డిసెంబర్ 31 లోపు ఇవ్వండి, 250 డాలర్లు, ఆపైన ఇచ్చిన దానానికి బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే సరిపోదు, సంస్థ రాసిచ్చిన రసీదు రిటర్న్ ఫైల్ చేసేలోపు మీ చేతిలో ఉండాలి.