అద్దానికి అటూ ఇటూ

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీ కొడుకులు రెండేళ్లుగా మాట్లాడుకోకపోవడం, వంటింటి గడప దగ్గర నిలబడి తల్లి ఇద్దరి మాటలూ మోయడం బాగా వచ్చాయి. నా తగాదా అంతా ఏడో పేజీతోనే. "ఇద్దరూ కలిసి పగిలిన అద్దం తీసేసి కొత్తది బిగించారు" అని రాశావు. ఆరు పేజీలు నడిపించి తీరా వాళ్లిద్దరినీ అంబాసిడర్ కారు ముందు అద్దం దగ్గరికి చేర్చాక, ఒక్క వాక్యంతో సరిపెట్టేశావు!

ముందు ఆ పగలడం సంగతి చూద్దాం. రాయి తగిలి అద్దం వెయ్యి ముక్కలైందన్నావు. రెండు పేరాలు దాటగానే తండ్రి బీటల సందుల్లోంచి దారి చూసుకుంటూ ఇంటికి చేరాడన్నావు. ఒకే అద్దంతో ఈ రెండూ కుదరవు. టఫెన్డ్ అద్దమైతే రెప్పపాటులో మొత్తం తెల్లబడి దారి కనిపించకుండా పోతుంది. చెయ్యి ఆనిస్తే పటికబెల్లం పలుకుల్లా ఒళ్లోకి రాలుతుంది. లామినేటెడ్ అద్దంలో రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి సాలెగూడులా బీటలు వారినా అలాగే నిలబడుతుంది. నీకు కావలసింది ఈ రెండోదే. "వెయ్యి ముక్కలు" కొట్టెయ్యి.

మా అంబాసిడర్‌కు అద్దం మార్పించినప్పుడు షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. ఇప్పటి కార్ల అద్దాలను జిగురుతో అంటిస్తారు. ఆ పాత కార్లలో అద్దాన్ని పట్టుకునేది రబ్బరు బీడింగే. దానికి రెండు గాడులుంటాయి. ఒకదాంట్లో అద్దం అంచు, రెండోదాంట్లో బాడీ రేకు అంచు కూర్చుంటాయి. మేస్త్రీ వైపర్లు విప్పి, బీడింగును గోటితో నొక్కి చూశాడు. నొక్కు పడలేదు. ఏళ్ల తరబడి ఎండిన మామిడి తాండ్రలా ఉంది. ఇక దాన్ని కాపాడే ప్రయత్నం చెయ్యకుండా దాని బయటి పెదవిని, అంటే అద్దం మీదికి వచ్చే అంచును, కత్తితో చుట్టూ కోసేశాడు. కుర్రవాడు లోపల వెల్లకిలా పడుకుని, పై మూల నుంచి పాదాలతో మెల్లగా నెట్టాడు. బయట ఇద్దరు అందుకున్నారు.

అద్దం లేచాక కింది మూలల్లో తుప్పు బయటపడింది. నీళ్లు నిలిచేది అక్కడే. గోకడం, ఉప్పు కాగితంతో రుద్దడం, ప్రైమర్ కొట్టడంతో ఆ రోజు గడిచిపోయింది. అంతకుముందు ఒకచోట మార్పించినప్పుడు ఈ పని ఎగ్గొట్టి తుప్పు మీదే కొత్త రబ్బరు కూర్చోబెట్టారు. ఆ వానాకాలమంతా నా కాళ్ల దగ్గర ఒక తువ్వాలు ఉండేది.

రంగు ఆరాక మళ్లీ వెళ్లాను. అసలు చూడవలసింది అప్పుడే. దుప్పటి పరిచిన బల్ల మీద అద్దం పెట్టి, చుట్టూ కొత్త బీడింగు తొడిగారు. రెండో గాడిలో పెన్సిలంత కూడా లావు లేని నైలాన్ తాడు చుట్టూ దూర్చి, రెండు కొసలూ కింద మధ్యలో జానెడు వదిలారు. సబ్బు నీళ్లు పూశారు. గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుందని మేస్త్రీ కసిరాడు. అద్దాన్ని చట్రానికి ఆనించాక మేస్త్రీ లోపల కూర్చుని తాడు కొసను మెల్లగా లాగుతుంటే, రబ్బరు పెదవి రేకు అంచు దాటుకుని అంగుళం అంగుళం లోపలికి తిరిగింది. తాడు ఎక్కడ బయటికి వస్తోందో సరిగ్గా అక్కడే బయటివాడి అరచెయ్యి నొక్కాలి. తొందరపడి లాగితే పెదవి చిరుగుతుంది. చెయ్యి ఒక మూల మీదే బరువు వేస్తే కొత్త అద్దం బీట వారుతుంది. షెడ్డు మోతలో మాట వినబడదు. ఒకరి చేతిని ఒకరు చూసుకుంటూ చేయవలసిన పని.

ఇప్పుడు చెప్పు, నీ తండ్రిని లోపల కూర్చోబెట్టి తాడు కొస ఆయన చేతికిస్తే ఏమవుతుంది? బయట కొడుకు. ఇద్దరి మధ్య వేలెడు మందం కూడా లేని అద్దం. కింది మధ్య నుంచి ఒక పక్కగా పైకెక్కి, పై అంచు వెంట తిరిగి, మళ్లీ కిందికి దిగేదాకా ఆయన చేతి వెంటే వీడి చెయ్యి కదలాలి. తాడు ఎక్కడ బిగుసుకుంది, ఎవరు ముందు ఆగారు, ఎవరు తల ఊపారు అన్నవి రాయి. అక్కడ "గుండె బరువెక్కింది" అని రాశావంటే కథ తిప్పి పంపేస్తాను.

ఆఖరున పైపుతో నీళ్లు కొట్టి చూస్తారు. చుక్క ఎక్కడ కారుతోందో లోపల ఉన్నవాడు అరిచి చెప్పాలి. మీ పెద్దాయన అప్పుడు ఏమంటాడో నాకు వినాలని ఉంది.

ఇంకొకటి. ఆయన ఆ కారును 2016లో షోరూంలో కొత్తగా కొన్నాడని రాశావు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలోనే ఆగిపోయింది. ఏ 1990 మోడలో సెకండ్ హ్యాండులో కొనిపించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు