వందేళ్లు దాటినోళ్ల పేగు బ్యాక్టీరియా క్యాప్సూల్‌లో దొరుకుతుందా?

మీ జేజికి 92 ఏళ్లు, ఆమెకు ఆ బ్యాక్టీరియా కోసం అనంతపురంలో ప్రోబయోటిక్ (బతికున్న మేలుచేసే బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్ కొనాలా అని అడిగారు. అందుకోసమైతే కొనొద్దు.

2021లో వెలువడిన పరిశోధనలో జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం వాళ్లు సగటున 107 ఏళ్లున్న 160 మంది మలం పరీక్షించారు. అందులో ఐసోఅల్లోలిథోకోలిక్ యాసిడ్ అనే పిత్త ఆమ్లం ఎక్కువగా కనబడింది. ఒడోరిబ్యాక్టరేసీ కుటుంబపు సూక్ష్మజీవులు దీన్ని తయారుచేస్తాయి. యాంటీబయాటిక్స్ వాడాక ముసలోళ్లకు నీళ్ల విరేచనాలు తెచ్చే క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియాను ఇది ప్రయోగశాలలో అణిచింది. దానివల్లే అన్నేళ్లు బతికారని మాత్రం తేలలేదు. పైగా ఆ జీవులు గాలి తగిలితే చస్తాయి. షాపుల్లో అమ్మేవి చాలావరకు లాక్టోబాసిల్లస్, బైఫిడో, బాసిల్లస్ అనే వేరే బ్యాక్టీరియా రకాలు.

మన చేతిలో ఉన్నది పేగులో ఇప్పటికే ఉన్నవాటికి మేత వేయడం, అంటే పీచు. వంద గ్రాముల రాగుల్లో 11 గ్రాములు ఉంటుంది, తెల్లబియ్యంలో 3 కూడా ఉండదు.

అంబలికి, ఒకరికి 30 గ్రాముల రాగిపిండి గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టండి. పులియడానికి మన ఎండాకాలంలో 6 గంటలు చాలు, చలికాలంలో 12 పడుతుంది. మరీ పులిస్తే పెద్దోళ్లు నోట పెట్టరు. పైన గులాబీ రంగో బూజో కనబడితే ఉడికించినా లాభం లేదు, పారబోయండి. రెండు గ్లాసుల ఎసరు తెర్లుతుంటే ఇది పోసి, సన్నమంట మీద 10 నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. మజ్జిగ చల్లారాకే కలపాలి. వేడిమీద పోస్తే విరుగుతుంది, అందులోని బ్యాక్టీరియా చస్తుంది. పిండిని పులియబెట్టినవి ఉడికేటప్పుడే పోయాయి కాబట్టి, బతికున్నవి మజ్జిగవే.

ఎక్కువమంది చెడగొట్టుకునేది తొందరతో. బువ్వ మాన్పించి మూడుపూటలా సంగటి పెడితే కడుపుబ్బరం వస్తుంది, మళ్లీ ఆ గిన్నె దగ్గరికి రారు. మొదటి వారం పొద్దున అరగ్లాసు అంబలి చాలు, పడితేనే పెంచండి. నీళ్లు తాగకుండా పీచు పెంచితే మలబద్ధకం ముదురుతుంది. షుగరుంటే పల్చటి అంబలి గ్లూకోజును గబగబా పెంచుతుంది, తాగిన రెండు గంటలకు చూసుకోండి. తాగేటప్పుడు పొలమారుతుంటే ముందు డాక్టరుకు చూపించండి. కీమోథెరపీ జరుగుతుంటే ప్రోబయోటిక్ క్యాప్సూల్ కూడా అడక్కుండా వేయొద్దు.

జలుబు చేసిన ప్రతిసారీ చీటీ లేకుండా యాంటీబయాటిక్ తెచ్చి వేయడమే ఈ వయసు పేగుకు పెద్ద దెబ్బ. అది వాడాక రోజుకు మూడుసార్లు గానీ అంతకు మించి గానీ నీళ్ల విరేచనాలైతే, కట్టేసే మాత్ర వేయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.