తొలి ఆటగాడా, తొలితరం ఆటగాడా?

సందేహం: అమెరికా బేస్‌బాల్ గురించిన ఒక అనువాద వ్యాసంలో "జార్జ్ రైట్ తొలి వృత్తిరీత్యా షార్ట్‌స్టాప్" అని చదివాను. వాక్యం కుంటుతున్నట్టుంది. తప్పెక్కడ? షార్ట్‌స్టాప్‌కి తెలుగు మాట ఉండాలా?

సమాధానం: మీ చెవి సరిగానే పట్టింది. మొదటి చిక్కు 'తొలి'తో. ఈ మాట మనిషి ముందు చేరితే వరసలో ఒకటోవాడనే అర్థమే వస్తుంది. తొలిచూలు బిడ్డ అలాంటిదే. కాలాన్ని చెప్పే మాటతో కలిసినప్పుడే దాని అర్థం కాస్త సాగుతుంది: తొలిరోజులు, తొలినాళ్లు. రైట్ ఒకటోవాడు కాడు. అతడికన్నా ముందే బ్రూక్లిన్ అట్లాంటిక్స్ జట్టులో డికీ పియర్స్ మైదానంలో షార్ట్‌స్టాప్ అనే ఆ చోట ఆడి పేరు తెచ్చుకున్నాడు. కనుక 'తొలితరం' అనాలి.

'వృత్తిరీత్యా' ఇంకా పెద్ద తప్పు. "ఆయన వృత్తిరీత్యా వైద్యుడు" అన్నప్పుడు అది బతుకుతెరువేమిటో చెబుతుంది. ఆటగాడి రకాన్ని చెప్పే విశేషణం కాదు. రైట్ కథలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. 1867లో అతడు వాషింగ్టన్ నేషనల్స్‌కి ఆడేవాడు. ఆటకి డబ్బు పుచ్చుకోకూడదని నియమమున్న రోజులవి. అందుకని జట్టు జాబితాలో అతణ్ణి ప్రభుత్వ గుమాస్తాగా చూపారు. పనిచేసే చోటంటూ ఇచ్చిన చిరునామాలో ఉన్నది ఒక పార్కు! కాగితం మీద మాత్రమే అతడు వృత్తిరీత్యా గుమాస్తా. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ తన ఆటగాళ్లందరికీ జీతమిస్తున్నానని బాహాటంగా చెప్పింది. జట్టును నడిపిన అన్న హ్యారీకి 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కి 1,400. ఆ ఏడాది జట్టు ఒక్క ఆటా ఓడలేదు. ఇలాంటివాణ్ణి 'వృత్తి ఆటగాడు' అనాలి. 'జీతగాడు' అనకండి, మన పల్లెల్లో ఆ మాటకు పాలేరని అర్థం.

షార్ట్‌స్టాప్‌ని అలాగే ఉంచండి. రెండో, మూడో బేస్‌ల (పరుగు తీసేవాడు తాకాల్సిన గుర్తుల) మధ్య నిలబడే ఆటగాడతడు. మొదట్లో బంతి మరీ తేలికగా ఉండి, దూరం నుంచి విసిరితే లోపలిదాకా చేరేది కాదు; మధ్యలో అందుకుని అందించడానికి ఒక మనిషిని పెట్టారు. 'పొట్టి ఆపు' అంటే ఇదేదీ తోచదు. క్రికెట్‌లో "స్లిప్‌లో నిలబడ్డాడు", "కీపర్‌గా ఆడాడు" అంటాం కదా. షార్ట్‌స్టాప్ చోటుకీ మనిషికీ ఒకటే పేరు కాబట్టి 'లో', 'గా' రెండూ చెల్లుతాయి.

ఇలా రాస్తే సరిపోతుంది: "జార్జ్ రైట్ తొలితరం వృత్తి ఆటగాడు, షార్ట్‌స్టాప్‌గా ఆడేవాడు."

'తొలి' అతడికి న్యాయంగా దక్కే చోటు వేరే ఉంది. 1876 ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియాలో వృత్తి జట్ల పోటీ నేషనల్ లీగ్ మొదలైనప్పుడు, బోస్టన్ తరఫున అందరికన్నా ముందు బ్యాట్ పట్టింది అతడే. "నేషనల్ లీగ్ తొలి బ్యాటర్" అని నిస్సంకోచంగా రాయండి.