కిలవేయా మళ్లీ ఎప్పుడు చిమ్ముతుందో గ్రాఫు చూసి పసిగట్టడం ఎలా?

మీ ప్రశ్న: హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం లైవ్ కెమెరా రాత్రంతా చూస్తే పొగ తప్ప ఏమీ కనిపించలేదు, నిద్రపోయిన కాసేపటికే లావా ఎగిసింది, ముందే తెలుసుకునే దారి ఉందా అని.

ఉంది. ముందు టిల్ట్ గ్రాఫు, అంటే నేల వాలు ఎలా మారుతోందో చూపే గీత చూడండి, కెమెరా ఆ తర్వాతే.

2024 డిసెంబరు 23న హలెమౌమౌ బిలంలో మొదలైన ఈ విస్ఫోటనం విడతలుగా సాగుతోంది. లావా కొన్ని గంటలు చిమ్మి ఠక్కున ఆగిపోతుంది. తొలి విడతలు కొన్నయితే రోజుల తరబడి నడిచాయి. విరామంలో అడుగున మాగ్మా (భూమి లోపలి కరిగిన రాయి) నిండి నేల ఉబ్బుతుంది, చిమ్మేటప్పుడు కుంగుతుంది. టిల్ట్‌మీటరు ఆ వాలునే మైక్రోరేడియన్లలో కొలుస్తుంది. కిలోమీటరు పొడవున్న దూలాన్ని ఒక చివర ఒక్క మిల్లీమీటరు ఎత్తితే వచ్చే వాలు ఒక మైక్రోరేడియన్. అంత సన్నని కొలత.

హవాయి అగ్నిపర్వత పరిశీలన కేంద్రం సైట్లో శిఖరం దగ్గరి రెండు టిల్ట్‌మీటర్లు చూడండి: ఉవేకహునా దగ్గర ఉన్న యూడబ్ల్యూడీ, శాండ్ హిల్ దగ్గర ఉన్న ఎస్‌డీహెచ్. నెల రోజుల గ్రాఫులో రంపపు పళ్లు కనిపిస్తాయి. గత విడతకు ముందు గీత పై కొన ఎక్కడుంది, విడత ముగిశాక దాని అడుగు ఎక్కడుంది అని రెండు అంకెలు రాసుకోండి. ఉదాహరణకు తేడా 20 మైక్రోరేడియన్లు అనుకుందాం. అందులో 15, 16 తిరిగి వచ్చాయంటే ఇక రోజూ చూడాల్సిందే. అయితే రోజుకు ఇంత అని భాగహారం చేసి తేదీ తేల్చకండి. విడత అయిన వెంటనే నేల గబగబా ఉబ్బుతుంది, పోనుపోను నెమ్మదిస్తుంది, మధ్యలో ఒకటి రెండు రోజులు కిందికి జారి మళ్లీ లేస్తుంది. అందరి అంచనాలూ తప్పేది ఇక్కడే. కేంద్రం వాళ్లు కూడా ఒక్క తేదీ కాకుండా కొన్ని రోజుల వ్యవధి చెప్పడానికి కారణం ఇదే.

ఇంకో పొరపాటు, బిలం అడుగున లావా బయటికొచ్చే రంధ్రం అంచు దాటి అది కాస్త పొర్లగానే విడత మొదలైందనుకోవడం. వాయువు కింద చేరి లావా పైకి పొంగుతుంది, వాయువు తప్పించుకోగానే గుడగుడమంటూ లోపలికి దిగిపోతుంది. ఇలా పదుల సార్లు జరగొచ్చు. ఆ సమయంలో భూకంపన గ్రాఫు దువ్వెనలా ఉంటుంది: పొంగేటప్పుడు ప్రకంపన తగ్గుతుంది, దిగేటప్పుడు ఎగుస్తుంది. అసలు విడతకు గుర్తు వేరు. పొంగు ఆగకుండా సాగుతూ, టిల్ట్ గీత ఉబ్బు నుంచి కుంగుకు మళ్లి, ప్రకంపన బాగా పెరిగి అక్కడే నిలవాలి. మూడూ ఒకేసారి కనిపించాయంటే కెమెరా తెరవండి. కొన్ని విడతల్లో లావా 300 మీటర్లు దాటి లేచింది, ఆ దృశ్యం వదులుకోకూడనిది. ముగింపు కూడా ఇలాగే తెలుస్తుంది: టిల్ట్ తిరిగి పైకి మళ్లుతుంది, ప్రకంపన పడిపోతుంది.

టిల్ట్ గ్రాఫులో రోజూ ఒకే వేళకు చిన్న అల కనిపిస్తే అది ఎండ వేడి వల్ల. పెద్ద వాన పడినా గీత పక్కదారి పడుతుంది. అందుకే ఒక్క మీటరును నమ్మకండి, రెండూ ఒకేలా కదిలాయా చూడండి.

కెమెరాలో తెల్లగా తప్ప ఏమీ కనిపించకపోతే పొగమంచో వాయువో అడ్డున్నట్టు, అప్పుడు వేడిని చూపే థర్మల్ కెమెరాకు మారండి. 2025 డిసెంబరు 6న, 38వ విడతలో, దక్షిణపు అంచున ఉన్న వీ3 కెమెరా రాలిన రాళ్లూ బూడిదా కింద కూరుకుపోయింది. పరికరం పోతే గ్రాఫు ఆగుతుంది, అగ్నిపర్వతం ఆగినట్టు కాదు. గీత సమంగా పోకుండా మధ్యలో తెగిపోయిందంటే అనుమానం పరికరం మీదే ఉండాలి.

కాలమానం లెక్క జాగ్రత్త. హవాయి మనకన్నా 15 గంటల 30 నిమిషాలు వెనక. అక్కడ ఉదయం 8 అయితే ఇక్కడ అదే రోజు రాత్రి 11:30. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: హవాయిలో గడియారం ముందుకు జరపరు, కాబట్టి కాలిఫోర్నియాతో తేడా చలికాలం 2 గంటలు, వేసవిలో 3. గ్రాఫు అడుగున ఏ కాలమానం వేశారో చూశాకే అలారం పెట్టుకోండి.