కడుపుకి ఆపరేషన్, గొంతుకి బొంగురు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హరికథలు చెబుతాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ల్యాపరోస్కోపీ చేయించుకుని మూడు వారాలైంది. గొంతునొప్పి రెండు రోజుల్లో పోయింది, బొంగురు మాత్రం పోలేదు. పై షడ్జమం అందుకోబోతే గాలే వస్తోంది. పడిశెం అంటూ ఇంట్లో మిరియాల కషాయం పోస్తున్నారు. కోసింది పొట్ట మీదైతే గొంతెందుకు పోయింది డాక్టరుగారూ? దసరాకి కథలు ఒప్పుకున్నాను.
– ఓ భాగవతారిణి, కాకినాడ జిల్లా

జవాబు: కషాయం తాగండమ్మా, తప్పులేదు. కాకపోతే అది దిగేది అన్నం దారిలో, మీ ఇబ్బంది ఊపిరి దారిలో. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు నోట్లోంచి శ్వాసనాళంలోకి ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. ఆడవాళ్లకు ఎక్కువగా 7 మిల్లీమీటర్ల సైజుది. అది వెళ్లేది గొంతులో అదురుతూ స్వరం పలికించే రెండు మడతల, అంటే స్వరతంత్రుల నడుమ నుంచే. జారకుండా, గాలి లీకవకుండా కింద చిన్న బుడగ ఉబ్బిస్తారు. ఒరిపిడికి వాపు రావడం మామూలే. వారంలో తగ్గే బొంగురైతే నా దాకా రానక్కర్లేదు.

మీది మూడు వారాలు దాటుతోంది, పైగా గొంతే మీ జీవనం. ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, మీచేత ‘ఈ’ అనిపిస్తూ తంత్రులు కదిలే తీరు చూస్తారు. నిమిషాల పని. బుడగ ఒత్తిడికి నరం దెబ్బతిని ఒక తంత్రి కదలకపోవచ్చు. తంత్రి వెనకున్న బుల్లి కీలు తప్పి ఉండొచ్చు. దాన్ని ఎంత తొందరగా పట్టుకుంటే సరిచేయడం అంత తేలిక. లేదా ఒరుసుకున్న చోట కండ పెరగొచ్చు, పుల్లతేన్పులుంటే అది ఓ పట్టాన మానదు. ‘గాలే వస్తోంది’ అన్నారు చూశారూ, తంత్రులు రెండూ కలవడం లేదేమోనని నా అనుమానం. చూడకుండా తేల్చను.

అప్పటిదాకా సాధన ఆపండి. గుసగుసలూ వద్దు, అవి గొంతుని ఇంకా బిగిస్తాయి. మామూలు గొంతుతో తక్కువ మాట్లాడండి. నీళ్లు తాగితే పొలమారుతున్నా, ఊపిరి పీలుస్తుంటే కూత వస్తున్నా, దగ్గులో రక్తం పడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దసరా కథలంటారా, పరీక్ష అయ్యాకే నిర్వాహకులకి ఖాయం చెప్పండి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలతోపాటు మత్తు డాక్టరు రాసిన షీటు కూడా పట్టుకెళ్లండి. గొట్టం సైజు, ఎంతసేపు ఉంచారు, వేయడం కష్టమైందా అన్నవి అందులో ఉంటాయి. అడిగితే ఇస్తారు, మొహమాటపడకండి. మళ్లీ ఎప్పుడైనా ఆపరేషనంటే ‘నేను కథలు చెప్పేదాన్ని’ అని మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. వీలుంటే ఇంకా సన్నటి గొట్టం వేస్తారు, లేదా నడుముకి ఇంజెక్షన్‌తోనే కానిస్తారు.