అబ్బాయికి పికప్ కొనేముందు పాలసీ కాగితం చదవండి

ప్రశ్న: మాది నార్పల మండలం. నాలుగెకరాల చీనీ తోట ఉంది. పెద్దోడికి 17 ఏళ్ల 8 నెలలు. ఇంటర్ అయిపోయింది, ఇక చదవనంటున్నాడు. ట్రాక్టర్ బాగా తోల్తాడు. అనంతపురం మార్కెట్ యార్డుకు కాయలు తోలడానికి పోయినేడు బాడుగలకే 70 వేలు అయింది. సెకండ్ హ్యాండ్ పికప్ కొనిస్తే మా కాయలు తోలుకుంటాడు, ఖాళీగా ఉన్నప్పుడు బాడుగకు తిప్పుతాడు, పొద్దున పూట కూలీలను తోటల దగ్గర దింపి నాలుగు డబ్బులు తెస్తాడు. రెండు బండ్లు చూశాం. ఒకటి 2015 బొలెరో పికప్, బళ్లారి రిజిస్ట్రేషన్, నాలుగున్నర లక్షలు. ఇంకోటి 2020 టాటా ఇంట్రా, ఐదుంబావు లక్షలు. కొత్తగా తోలే పిల్లోడికి ఏది సేఫ్? బొలెరో అయితే లక్ష బంగారం మీద తెస్తాం. మూడున్నర లక్షలు టౌన్లో ఫైనాన్స్ వాళ్లు రెండు రూపాయల వడ్డీకి 36 నెలలకు ఇస్తామన్నారు. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ చాలని అమ్మేవాళ్లు చెప్తున్నారు.

జవాబు:

అన్నా, మీరు బండ్ల గురించి, వడ్డీ గురించి వివరంగా రాశారు. ఇన్సూరెన్స్ గురించి చివర్లో ఒకే ఒక్క మాట రాశారు. ఆ ఒక్క మాట చూసే ఈ జవాబు రాస్తున్నాను. డోన్ నుంచి హిందూపురం దాకా సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లలో పది మందిని అడిగితే ఎక్కువమంది 'థర్డ్ పార్టీ ఉంది కదా' అంటారు. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి కంపెనీ కట్టే పాలసీ. ఆ పాలసీ ఎవరు తోలితే పనిచేస్తుంది, బండిలో ఎవరు ఎక్కితే పనిచేయదు అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. బొలెరోనా ఇంట్రానా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీ నాలుగెకరాలు ఎలా నిలుస్తాయో చూద్దాం.

ఒక లెక్క చెప్తాను. దేవుడి దయవల్ల అలా జరగకూడదు, కానీ లెక్క తెలియాలి. మీ బండి తగిలి 30 ఏళ్ల తాపీమేస్త్రీ చనిపోయాడనుకోండి. నెలకు 15 వేలు సంపాదించేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పుల ప్రకారం ట్రిబ్యునల్, అంటే యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు, ఇలా లెక్క వేస్తుంది. ఏడాదికి 1,80,000. భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీస్తే 1,68,000. ఆ వయసుకు 17తో హెచ్చిస్తారు. మొత్తం 28,56,000. దీని మీద అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకు ఇచ్చేవి వేరు, వడ్డీ వేరు. మీ తోటను ఈ రోజు అమ్మితే వచ్చే డబ్బు పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి.

థర్డ్ పార్టీ పాలసీ సక్రమంగా ఉంటే ఈ డబ్బు మొత్తం కంపెనీ కడుతుంది. సరుకు బండికి 7,500 కిలోల లోపు అయితే 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు. ఆ డబ్బు కట్టి కూడా పాలసీని మన చేతులతో మనమే పనికిరాకుండా చేసుకునే దారులు మూడున్నాయి. మీ ఉత్తరంలో ఆ మూడూ ఉన్నాయి.

మొదటిది అబ్బాయి వయసు. ఈ రోజు వాడు స్టీరింగ్ పట్టుకుంటే అది మైనర్ డ్రైవింగ్. ఊరి నుంచి తోటకు పోయే తారు రోడ్డు కూడా చట్టం దృష్టిలో పబ్లిక్ రోడ్డే. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం శిక్ష తండ్రికి లేదా బండి ఓనరుకు పడుతుంది. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవింగే బతుకుదెరువు అనుకుంటున్న పిల్లోడికి అది ఎంత దెబ్బో ఆలోచించండి. 'ట్రాక్టర్ బాగా తోల్తాడు' అని మీరు ధైర్యంగా రాశారు. నాకు మాత్రం అది చదివి టెన్షన్ పెరిగింది.

నాలుగు నెలల్లో 18 వస్తాయి కదా అంటారు. వస్తాయి. కానీ మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్‌లో మామూలు వాహనానికి 18, రవాణా వాహనానికి 20 అని రాసి ఉంది. పసుపు బోర్డు పికప్ రవాణా వాహనమే, మీ సొంత కాయలు మోసినా సరే. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో తోలవచ్చని తేల్చింది. అదనపు అర్హతలు అంతకంటే పెద్ద బండ్లకే వర్తిస్తాయని కూడా చెప్పింది. దాన్ని బట్టి 18 నిండినవాడు తోలవచ్చని వాదించవచ్చు. అయినా చట్టంలో 20 అనే అంకె అలాగే ఉంది. 28 లక్షల క్లెయిమ్ నడుస్తుంటే వాదన గెలుస్తుందా లేదా అని మీరు కోర్టు వరండాలో నిలబడాల్సిన అవసరం ఏముంది? పాలసీ తీసుకునే రోజే కంపెనీని రాతపూర్వకంగా అడగండి: '18 ఏళ్ల ఎల్ఎంవీ లైసెన్సుదారు ఈ బండి తోలితే కవర్ ఉంటుందా?' ఉంటుందని రాసిస్తే సరి. రాసివ్వకపోతే 20 నిండేదాకా లైసెన్సున్న డ్రైవరే తోలాలి, మీవాడు పక్క సీట్లో కూర్చుని నేర్చుకోవాలి.

సరైన లైసెన్సు లేనివాడు తోలుతుంటే యాక్సిడెంట్ అయితే, కంపెనీ ముందు బాధితులకు కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రాబట్టుకోవడం అంటే నోటీసుతో పోదు. 174 సెక్షన్ కింద కలెక్టర్ ద్వారా, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. మీ పాసుబుక్కులో ఉన్న భూమే అప్పుడు దిక్కు.

రెండోది కూలీలు. పొద్దున ఆరింటికి మన రోడ్ల మీద చూస్తే పికప్ వెనకాల పదిహేను మంది ఆడవాళ్లు నిలబడి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని చెనక్కాయ కోతలకు పోతుంటారు. ఆ బండ్లు చూసినప్పుడల్లా నాకు గుండె దడ. సరుకు బండిలో సరుకు యజమాని, లేదా అతని తరఫు మనిషి ఎక్కితే పాలసీ వర్తిస్తుంది. అలా కాకుండా మనుషులను ఎక్కించుకుపోతే కంపెనీకి బాధ్యత లేదని 2003లో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది. అంటే బండి బోల్తా కొట్టి ముగ్గురు కూలీలు పోతే, ఇందాకటి లెక్కను మూడుతో హెచ్చించి ఓనరే కట్టాలి. ఈ పని మానుకుంటామని ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే బండి మాట ఎత్తండి. దీంట్లో నడుమ దారి లేదు. ఇక మీ సొంత హమాలీలు, డ్రైవరు, క్లీనరు కోసం పాలసీలో విడిగా లయబిలిటీ కవర్ అడిగి చేర్పించండి. చాలా చిన్న ప్రీమియంతో వస్తుంది, అడగనిదే ఎవరూ వేయరు.

మూడోది మీ అబ్బాయే. మీ పేరు మీదున్న బండి వాడు తోలుతూ డివైడర్‌ను కొట్టి గాయపడితే థర్డ్ పార్టీ పాలసీ నుంచి ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే ఓనరు ఇచ్చిన బండి తోలేవాడు థర్డ్ పార్టీ కాడు. పాలసీతో పాటు వచ్చే 15 లక్షల ప్రమాద బీమా రిజిస్టర్డ్ ఓనరుకు, అదీ ఓనరుకు లైసెన్సు ఉంటేనే. చాలామంది తండ్రులు ఆ 15 లక్షలు కొడుకుకు కూడా వస్తాయనుకుంటారు. రావు. డోన్ దగ్గర ఒక కుటుంబం ఇదే నమ్మకంతో నా దగ్గరికి పాలసీ కాగితం తెచ్చింది. కొడుక్కి తొడ ఎముక విరిగి అప్పటికే రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఆ కాగితంలో వాళ్లకు పనికొచ్చే లైను వెతికి వెతికి, లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేదు. అందుకని 18 నిండిన రోజునే అబ్బాయి పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, 25 లక్షలకు తగ్గకుండా, నడిపేది సరుకు బండి అని ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాసి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా వేయించండి, రెండు లక్షలే అయినా.

ఇంకో చిన్న గుంత ఉంది. బండి చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీని మీ పేరుకు మార్చుకోవాలి. థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం తనంతట తానే బండితో పాటు వస్తుంది గానీ, మీ బండి డ్యామేజీకి వచ్చే భాగం రాదు. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా మీకు రాదు. నా మాటగా మన బండి డ్యామేజీకి కూడా పనిచేసే కాంప్రెహెన్సివ్ పాలసీయే తీసుకోండి, ముఖ్యంగా మొదటి రెండేళ్లు. కొత్త డ్రైవరు చేతిలో బండికి దెబ్బ తగలకుండా రెండేళ్లు గడవడం అరుదు.

ఇప్పుడు బండి. మీరు చూసిన రెండింట్లో బొలెరో వద్దు. 2015 బండి అంటే ఎనిమిదేళ్లు దాటింది, ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏటా చేయించాలి. ఎఫ్‌సీ ఒక నెల తప్పినా క్లెయిమ్ దగ్గర కంపెనీకి సాకు దొరుకుతుంది. బళ్లారి బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఇక్కడ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ మార్పు. ఇదంతా అయ్యేదాకా ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు. పైగా బొలెరో బరువు మోయగలదన్న పేరే కొత్త పిల్లోడికి ప్రమాదం. మార్కెట్‌కు ఆలస్యమైతే ఇంకో ఇరవై బస్తాలు వేసుకో అంటారు, వాడు కాదనలేడు. ఇంట్రా తక్కువ బరువు మోస్తుంది, బండి కొత్తది, అదే మంచిది. పాత సరుకు బండ్లలో ఎయిర్‌బ్యాగ్ లేనివే ఎక్కువ, అందుకని సీటు బెల్టు లాగి వదిలి చూడండి, గట్టిగా పట్టుకోవాలి, రెండు వైపులా. వెనక కమాన్ పట్టీలు కంపెనీ ఇచ్చినవాటికంటే ఎక్కువ వేసి ఉంటే ఆ బండి ఓవర్‌లోడ్‌తో తిరిగిందని అర్థం, వదిలేయండి. ఛాసిస్ మీద కొత్త వెల్డింగ్ ఉన్నా వదిలేయండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. అరిగినట్టు కనిపించకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఖాళీ బండి తడి రోడ్డు మీద సడన్ బ్రేక్ వేస్తే వెనక భాగం పక్కకు జారుతుందని, ట్రాక్టర్ అలవాటున్న మీవాడికి ఇది తెలియదని గుర్తుపెట్టుకోండి. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో బండి నంబరు కొట్టి ఎఫ్‌సీ, ట్యాక్స్, చలాన్లు, పాత ఫైనాన్స్ ఇంకా ఉందా అనేది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇక అప్పు. మూడున్నర లక్షలకు రెండు రూపాయల వడ్డీ, 36 నెలలు అంటే వడ్డీయే 2,52,000. నెలకు 16,722 కంతు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేస్తున్నారు కాబట్టి నిజమైన వడ్డీ ఏడాదికి 39 శాతం దాటుతుంది. 24 శాతం అని మీరు అనుకుంటున్నారు. ఇది తీసుకోవద్దన్నా. బతిమాలి చెప్తున్నాను. ఏడాదికి కంతులే రెండు లక్షలు, మీరు తప్పించుకోవాలనుకుంటున్న బాడుగ 70 వేలు! రెండు కంతులు తప్పితే బండి సీజ్ చేస్తారు, సంతకం పెట్టిచ్చిన ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ కంతు కట్టాలన్న తొందరే పిల్లోణ్ని రాత్రిపూట బెంగళూరు హైవే ఎక్కిస్తుంది, కూలీలను ఎక్కించుకోమంటుంది. అప్పు తప్పనిసరైతే బ్యాంకులో బంగారం మీదే, అదీ ఒక పంటలో తీర్చగలిగినంత.

బోరు ఎండినప్పుడు కావాల్సిన లక్ష రూపాయలు మాత్రం ఈ బండికి పెట్టొద్దు, ఎండాకాలం మీకే తెలుసు.

ఈ సీజన్‌కు కాయలు బాడుగకే తోలించండి. 18 నిండగానే అబ్బాయికి ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు), కనీసం నెల ఆగి ఎల్ఎంవీ లైసెన్సు. ఈలోగా కంతు కట్టే బదులు నెలకు 16 వేలు పక్కన పెట్టి చూడండి. ఏడాదికి 1,92,000 చేతిలో ఉంటాయి. పెట్టలేకపోతే కంతు కూడా కట్టలేకపోయేవాళ్లమని ఖర్చు లేకుండా తెలుస్తుంది. బండి కొనే రోజున డెలివరీ తీసుకునే ముందే పాలసీ మీ పేరు మీద చేయించి, ఎవరు తోలితే పాలసీ పనిచేస్తుందో చెప్పే డ్రైవర్ క్లాజ్ అని ఉన్న పేరా అబ్బాయి చేత పైకి చదివించండి.