కాలితే ముందు నీళ్లు, తర్వాతే ఏదైనా

చి.ల.సౌ. పద్మకి పెద్దమ్మ ఆశీస్సులు.

మధురవాడలో కాపురం పెట్టావు, వంటిల్లు కొత్త. చేపలు వేపేటప్పుడు నూనె చిందడం, కుక్కరు ఆవిరి కొట్టడం ఏ ఇంట్లోనైనా ఉండేదే. అందుకే రాస్తున్నా.

చెయ్యి కాలిందా, వెంటనే కుళాయి కింద పెట్టు. గడియారం చూసుకుని 20 నిమిషాలు. పొయ్యి దగ్గర్నుంచి చెయ్యి తీసేసినా చర్మంలోకి దిగిన వేడి ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. దాన్ని లాగేసేది పారే నీళ్లే. మంట కాస్త తగ్గగానే అయిదు నిమిషాలకే తీసేస్తారు చాలామంది, అదే తప్పు. ఆలస్యమైనా మానకు, 3 గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే. మన వైజాగ్ ఎండలకి మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు వేడెక్కి వస్తాయి. ముందు రెండో చేత్తో చూడు. వేడిగా ఉంటే బకెట్లో పట్టి ఉంచిన నీళ్లు మగ్గుతో ధారగా పొయ్యి. ఐసు మాత్రం వద్దమ్మా, అది రక్తనాళాల్ని బిగబట్టి చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది.

నీళ్లు పడుతుండగానే గాజులు, ఉంగరం తీసెయ్యి. వాచాక రావు. అంటుకుపోయిన బట్టని పీకకు, చుట్టూ కత్తిరించు.

టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి రాయమని ఎవరో ఒకరు చెప్తారు. ప్రేమతోనే చెప్తారు, అయినా వినకు. వేడి లోపలే ఉండిపోతుంది, చీము పట్టే ప్రమాదం. డాక్టరు అదంతా కడిగితేగాని కాలిన లోతు కనబడదు, ఆ కడిగించుకోవడం నరకం.

తర్వాత తడి అద్ది, ప్యారాఫిన్ గాజ్ (వ్యాజలైన్ లాంటి జిడ్డు పట్టించిన పల్చటి కట్టుగుడ్డ) గానీ ఉతికిన నూలుగుడ్డ గానీ వదులుగా కట్టు. దూది వద్దు, పోగులు అంటుకుంటాయి. మన ఉక్కకి కట్టు చెమటతో నానుతుంది, నానితే మార్చు. బొబ్బ చిదమకు.

కాలిన వాళ్ల అరచెయ్యి కన్నా పెద్దదైనా, ముఖం, కీళ్లు, మర్మస్థానాలు కాలినా, వేళ్లు బొబ్బలెక్కినా, కరెంటు, యాసిడ్ తగిలినా ఇంట్లో చూసుకోవద్దు, కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లిపో. తోలు తెల్లగానో నల్లగానో మారి నొప్పి తెలియకపోతే తగ్గిందనుకునేవు, లోతుగా కాలి నరాలు దెబ్బతిన్నాయని అర్థం. పసిపిల్లలు, ముసలివాళ్లు, షుగరున్నవాళ్లయితే చిన్నదైనా చూపించు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించారో డాక్టరుకి చెప్పు.

108కి ఫోన్ చేశాక కూడా బండి వచ్చేలోపు ఆ 20 నిమిషాలూ పూర్తిచెయ్యి. పసివాళ్లయితే కాలని ఒంటికి దుప్పటి కప్పు, చలి పట్టేస్తుంది.

ఇట్లు,
పెద్దమ్మ